పువ్వు యాడికి పోయె?

మొన్నామధ్య మా మనవరాలి బడిలో ప్రాజెక్టుల ప్రదర్శన ఉందంటే అనంతపురం వెళ్ళాను. ఇంకా ఒకటో తరగతికైనా రాని పిల్లలకు ప్రాజెక్టులేమిటని ముందే ముక్కు విరిచాననుకోండి, అయినా మనవరాలి ముచ్చట కదా అని ఇస్త్రీ చీర కట్టుకుని పోయాను. హాలు నిండా బల్లలు, బల్లల మీద థర్మాకోలు కొండలు, దూది మేఘాలు, నీలం కాగితం చెరువులు. ఒక్కోదాని ముందు ‘ముట్టుకోరాదు’ అని ఒక అట్ట, ఆ అట్ట వెనకాల చేతులు కట్టుకుని ఒక బిడ్డ. మా పిల్లది వాన ప్రాజెక్టు. మూడు రోజులు వేళ్ళకు బంక అంటించుకుని దాన్ని చేసింది మా కూతురు. పిల్ల మాత్రం ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పింది. మేఘంలోకి నీళ్ళు ఎట్లా పోయాయి బంగారూ అని అడిగితే తెల్లమొహం వేసి వాళ్ళమ్మ వైపు చూసింది.

పక్కనున్న టీచరమ్మ, మా కూతురికన్నా చిన్నది పాపం, ఇది కొత్త పద్ధతి ఆంటీ, పిల్లలే ప్రశ్న వేసుకుని పిల్లలే జవాబు వెతుక్కుంటారు అని నాకు బోధించింది. నా నోటి సంగతి ఎరిగిన వాళ్ళకు ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు. దారి పొడుగునా మా కూతురు నాకు పదడుగులు ముందే నడిచింది. ఇంటికొచ్చాక సంగతి విని మా ఆయన పేపరు దించకుండానే, “నీతో వాదించి గెలిచినోళ్ళు ఈ జిల్లాలో యాడన్నా ఉండారా?” అన్నాడు.

ఉంది, ఒక్కతుంది అన్నాను. అప్పుడు దాని వయసు ఐదేళ్ళు, ముక్కు కారుతూ ఉండేది.

డిగ్రీ పూర్తిచేసిన మరుసటి ఏడు పామిడికి కాస్త దూరంలో, మెట్ట పొలాల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో బాలవాడి టీచరుగా చేరాను. మా నాయన ఆఫీసు గుమాస్తా, పుట్టి పెరిగిందంతా టౌను, పైగా నేను చదివింది అర్థశాస్త్రం. శనక్కాయల జిల్లాలో పుట్టానన్న మాటే గానీ, శనక్కాయతో నా పరిచయం ఉప్పేసి ఉడకబెట్టిన తర్వాతనే. బాలవాడి అంటే మీరు పెద్దగా ఊహించుకోకండి, మన ఈడు వాళ్ళకు తెలిసిందే కదా, ఒక గది, ఒక నల్లబల్ల, ఒక ఇనుప కుర్చీ. ఆ కుర్చీ మీద నేను, చాప మీద ఇరవైమంది పిల్లలు, పొయ్యి దగ్గర ఉప్మా కలుపుతూ ఆయమ్మ. నేను ‘అ’ అని అరిస్తే పిల్లలు ‘అ’ అని అరిచేవాళ్ళు. ఎంత గట్టిగా అరిస్తే అంత బాగా చదువు వచ్చినట్టని అప్పట్లో నా నమ్మకం.

మొదటి తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరమ్మ గది నాలుగు మూలలూ చూసి, నల్లబల్ల మీద వేలితో గీసి, ఒక్కటే మాట చెప్పి వెళ్ళింది. పంటలు ఇంటికొచ్చే వేళకు మళ్ళీ వస్తాననీ, అప్పటికి పిల్లలకు అక్షరాలు రాకపోతే ఈ గది మూసేసి వంక అవతలి పెద్ద ఊరి బాలవాడిలో కలిపేయమని రాస్తాననీ. వంక దాటి అంత దూరం మూడేళ్ళ బిడ్డలు నడవడం జరిగే పని కాదు. నాకైతే ఇంకో ఉద్యోగం దొరికేదేమో, పిల్లలు మాత్రం ఇళ్ళకే. అందరికన్నా ముందు పోయేది నేను చెప్పబోయే పిల్ల. తల్లి లేదు, తండ్రి కూలికి పోతాడు, ఉన్నది గొర్రెలూ మేకలూ కాసుకునే అవ్వ ఒక్కతే. గది మూతపడ్డ మరునాడు ఆ పిల్ల మేకల వెనకాల ఉంటుందని ఊళ్ళో అందరికీ తెలుసు, దానికీ తెలుసు.

ఒకనాడు పొద్దున ఆ పిల్ల బావి కింద ముందే విత్తిన ఎవరి చేన్లోంచో పీకిన శనక్కాయ చెట్టును వేళ్ళతో సహా పట్టుకొచ్చి నా ఒళ్ళో పడేసింది. పసుప్పచ్చ పువ్వు పైనుంది, కిందేమో కాయ ఉంటుంది, పువ్వు పైన పూస్తే కాయ కిందికి ఎట్లా వస్తుందని దాని ప్రశ్న. డిగ్రీ చదివినదాన్ని, తెలీదంటానా? కాయ వేరుకు కాస్తుందే, ఉల్లిగడ్డ మాదిరి అన్నాను. పిల్ల ముక్కు ఎగబీల్చి నన్ను ఎగాదిగా చూసింది.

“వేరుకు కాస్తే పువ్వెందుకు టీచరమ్మా? పువ్వు యాడికి పోయె?”

రాలిపోతుంది అన్నాను. కాదు, అదే కిందికి దిగుతాది అంది. పువ్వెక్కడైనా మట్టిలోకి దిగుతుందా అని నేను, దిగుతాదని అది. ఇరవై రెండేళ్ళ గ్రాడ్యుయేటు ఐదేళ్ళ పిల్లతో ఒక పూటంతా పోట్లాడింది అంటే నవ్వుతారు గానీ, పోట్లాడాను. పంతం మీద పందెం కూడా కట్టాను. విత్తనం నాటి చూద్దాం, నువ్వు గెలిస్తే నా కుర్చీలో కూర్చో, నేను చాప మీద కూర్చుంటా అని. ఇదంతా వింటూ ఆయమ్మ పొయ్యి ఊదుతూ కూర్చుంది.

గడప ముందు ఎర్రమట్టి తవ్వి పిల్లకొక గింజ నాటించి, చుట్టూ కంపతో దడి కట్టించాను. ఎవరిది ఏదో అని కొట్టుకుంటుంటే ఒక్కోదాని పక్కన పుల్ల గుచ్చి, దానికి అట్టముక్క కట్టి, పేరులోని మొదటి అక్షరం రాసిచ్చాను. ఆ ఏడు విత్తిన తర్వాత వాన మొహం చాటేసింది. బోరింగు కాడ బిందెల వరుస చూస్తే మొక్కలకు నీళ్ళు అడగడానికి నాకే నోరు రాలేదు. అప్పుడు ఆయమ్మ చేసిన ఉపాయం చూడండి. ఉప్మా ముందు పిల్లలు చేతులు కడుక్కునే చోటును గడప ముందుకు మార్చింది. ఎవరి మొక్క మీద వాళ్ళు చేతులు కడుక్కోవాలి, అంతే. అదివరకు చేతులు కడుక్కోమంటే ఏడ్చే పిల్లలు తిన్నాక ఒకసారి, మూతికని ఒకసారి, ఊరికే ఒకసారి కడుక్కునేవాళ్ళు.

పువ్వులొచ్చాక వచ్చింది అసలు తంటా. పొద్దున పూసిన పువ్వు మరునాటికి వాడిపోతుంది, ఏ పువ్వు ఎక్కడుండిందో ఎవరికి గుర్తు? ఆయమ్మ చెల్లెల్ని ధర్మవరంలో మగ్గాలోళ్ళ ఇంటికిచ్చారు, అక్కడినుంచి తెగిన పట్టుపోగులు పొట్లం కట్టి తెచ్చింది. పువ్వు పూసిన గణుపు దగ్గర ఒక్కో పిల్ల ఒక్కో రంగు పోగు వదులుగా చుట్టింది. ఇక రోజూ పొద్దున రాగానే ఇరవై తలకాయలు మట్టికి ఆనించి బోర్లా పడుకుని చూడటమే. అక్షరాల అరుపులు ఎప్పుడో ఆగిపోయాయి.

దాంతో ఊరు ఊరుకుంటుందా? ఆ పిల్ల అవ్వే నలుగురు తల్లుల్ని వెంటబెట్టుకుని వచ్చి గడపలో నిలబడింది.

“ఏమ్మా టీచరమ్మా, మట్టిలో పొర్లేదానికయితే మాకు చేన్లు లేవా? మట్టి పని తప్పుతాదనే గదా నీ కాడికి పంపిస్తాండేది!”

ఆమె మొక్కల వైపు కూడా చూసింది. “మా చేన్లో ఊడ దిగకముందే ఎండిపాయ. నీ గడప కాడ పచ్చగుండాది” అని గొంతు తగ్గించి వెళ్ళిపోయింది. ఊడ అంటే ఏమిటో నాకప్పుడు తెలీదు. అడగడానికి నామోషీ.

నాలుగు రోజులకు తెలిసింది. పోగు చుట్టిన గణుపు నుంచి ఊదారంగు సూది లాంటిదొకటి బయల్దేరి, రోజుకింత కిందికి వంగుతూ, ఒకనాడు మట్టిలో మూతి పెట్టింది. పిల్ల నా వైపు చూసింది. కాయ కనబడితేనే ఒప్పుకుంటా అన్నాను. చూశారా నా బుద్ధి!

పంటలు ఇంటికొచ్చే వేళయింది. సూపర్‌వైజరమ్మ రావాల్సిన నాడు పొద్దున్నే వెళ్ళేసరికి గడప ముందు గుండు గీసినట్టుంది. ఆ పిల్ల వాళ్ళ మేక ఒకటి దడి తోసుకుని వచ్చి మొక్కలన్నీ మేసేసి, మూతినుంచి ఎర్ర పట్టుపోగు వేలాడేసుకుని తీరుబడిగా నెమరేస్తోంది. అక్షరాల అట్టలు కూడా సగం తినేసింది. పిల్లలు గొల్లుమన్నారు. నేను కుర్చీలో కూలబడ్డాను. చూపడానికి మొక్కలూ లేవు, గదీ పోయినట్టే. మేక కోసం పరుగెత్తుకొచ్చిన అవ్వ నోటిమీద చెయ్యేసుకుంది, సరిగ్గా అప్పుడే సూపర్‌వైజరమ్మ జీపు దిగింది.

ఏడవనిది ఆ పిల్ల ఒక్కతే. “యాల ఏడుస్తారు? మేక పైదే తినె. కిందిది కిందనే ఉండాది గదా!” అని కూర్చుని మోడు పట్టుకుని లాగింది. రాలేదు. చేతులు కడిగిన నీళ్ళు ఇంకిన నేల కదా, కాస్త తవ్వి మళ్ళీ లాగితే మోడుతో పాటు నాలుగు కాయలు వచ్చాయి. అందులో ఒకటి మేక నోటికి అందని అడుగు గణుపుది. గణుపుకు పచ్చ పోగు, పోగు దగ్గర ఊడ, ఊడ కొసన కాయ. వేరుకు ఒక్క కాయ కూడా లేదు. దాన్ని పట్టుకెళ్ళి సూపర్‌వైజరమ్మ చేతిలో పెట్టి, పువ్వు ఎట్లా పోయిందో వేలు పెట్టి చూపించింది. ఎవరు చెప్పారు నీకని ఆమె అడిగింది.

“ఎవురూ చెప్పల్యా. టీచరమ్మకు తెలీదు. మేమే చూస్తిమి.”

ఆ మాటతో నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. సూపర్‌వైజరమ్మ నవ్వలేదు. అక్షరాలు అడిగింది. పిల్లలు మేక మిగిల్చిన అట్టలు చూపిస్తూ ఇది ఫలానా వాడిది, ఇది నాది, దీన్ని మేక మొత్తం తినేసింది అని పుస్తకంలోని అమ్మనూ ఆవునూ వదిలేసి ఒకరి పేర్లతో ఒకరు అక్షరాలన్నీ కాకున్నా చాలావరకు చెప్పేశారు. ఆమె రిజిస్టరు తీసి ‘దడి గట్టిగా వేయవలెను’ అని రాసి సంతకం పెట్టింది. గది మూసేయమని మాత్రం రాయలేదు. అవ్వ మేకను చెవి పట్టుకుని లాక్కెళ్తూ, వెళ్తూ వెళ్తూ ఆ పచ్చపోగు కాయను అడిగి తీసుకుని కొంగున ముడేసుకుంది.

ఆ పూట పిల్ల నా కుర్చీలో కూర్చుంది. కాళ్ళు నేలకు అందక ఊగుతూ ఉన్నాయి. నేను చాప మీద కూర్చుని, నీకు ముందే తెలుసు కదా, ఎందుకు చెప్పలేదని ఆయమ్మను నిలదీశాను. “నన్నడిగితివా?” అంది ఆయమ్మ, ఉప్మా పెడుతూ.

ఆ పిల్ల ఇప్పుడు విడపనకల్లు దగ్గర అత్తగారి ఊళ్ళో శనక్కాయ పండిస్తోందట, గ్రామసభలో ఆఫీసర్లను ప్రశ్నలతో నిలబెట్టేస్తుందని విన్నాను, వింటే కడుపు నిండింది. ఇప్పటి బళ్ళలో కుర్చీలు రంగురంగులవి, పిల్లల కాళ్ళు నేలకు ఆనేటట్టు కొలిచి చేసినవి, మంచిదే, నేను కాదనను. మా మనవరాలి టీచరమ్మకు అన్నీ తెలుసు, మా కూతురికి అన్నీ తెలుసు, తెలియనివి ఫోన్‌కు తెలుసు. పాపం మా మనవరాలికి ఓడించడానికి ఎవరూ మిగల్లేదు.

నిన్న అది మా ఇంటికొస్తే, వాన యాడినుంచి వస్తుందో నాకు తెలీదు అన్నాను. అబద్ధం చెప్తున్నావు అవ్వా అని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. పొయ్యి మీద మూత పెట్టి నీళ్ళు మరిగిస్తున్న గిన్నె చూపించి, పద చూద్దాం అన్నాను.