గాజుల పెట్టె అడుగున

మైదా జిగురు వానాకాలంలో ఓ పట్టాన ఆరదు. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా కింద ఇంటి అమ్మాయి సీమంతానికి గాజుల పెట్టె చేస్తున్నప్పుడు బజారుకెళ్ళి జిగురు తెచ్చుకోలేదు. చిన్న గిన్నెలో మైదా ఉడకబెట్టాను. తానే పూస్తానని పాప పేచీ పెట్టింది. పాపకింకా నాలుగేళ్ళు నిండలేదు, వేళ్ళు నోట్లో పెట్టుకునే అలవాటు పోలేదు. నాకు ప్రతిదానికీ భయమే. కడుపులోకి పోయినా ఏమీ కానిది ఆ జిగురొక్కటే అనిపించింది.

మేము రాజమండ్రిలో మేడ మీద అద్దెకుంటాం. కింద ఓనరు ఆంటీ, అంకుల్ ఉంటారు. ఆదివారం మేము చర్చికి వెళ్ళే వేళకి ఆంటీ పూజ ముగించుకుని వాకిట్లో నిలబడి పాపకి టాటా చెబుతారు. మధ్యాహ్నాలు నేను పదో తరగతి పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్పుకునేటప్పుడు పాప ఆవిడ దగ్గరే ఉంటుంది. "కింద మామ్మ" అంటుంది. కింద మామ్మ అన్నం పెడితే తింటుంది, నేను పెడితే ఊసేస్తుంది. ఆ తలుపు ఎప్పుడూ తీసే ఉండాలని నా తాపత్రయం. కుళాయి కట్టేశానా, మెట్ల మీద చెప్పులు అడ్డంగా వదిలేశానా, పాప గట్టిగా ఏడ్చిందా అని రోజంతా లెక్క చూసుకుంటూ ఉంటాను. వాళ్ళు ఒక్క మాట అన్నదీ లేదు, నేను లెక్క మానిందీ లేదు.

ఆంటీ కూతురు పురిటికి వచ్చింది. పెళ్ళైన చాలా ఏళ్ళకి నిలిచిన కడుపు. ఇంటిల్లిపాదీ ఆ పిల్ల చుట్టూ మెల్లగా మాట్లాడుతూ, మెల్లగా నడుస్తూ ఉండేవారు. సీమంతానికి ఏమివ్వాలో నాకు తోచలేదు. చీర కొందామన్నారు మా ఆయన. చీరలు ఎలాగూ బోలెడు వస్తాయి, చేత్తో చేసింది ఏదైనా ఇస్తే గుర్తుంటుందన్నాను.

గుర్తుండిపోయింది.

అట్టతో పెట్టెలు చేయడం నాకు నేర్పింది మా అమ్మమ్మ. పాలకొల్లు దగ్గర మా అమ్మ వాళ్ళింట్లో అమ్మమ్మ మంచం కింద ఒక బిస్కెట్ల అట్టపెట్టె ఉండేది. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళైనా ఆ శుభలేఖ చివరికి అందులోకే చేరేది. క్రిస్మస్ వస్తోందంటే వాటిని కోసి నక్షత్రాలూ, గొలుసులూ చేసేది. మిగతా రోజుల్లో పిన్నీసుల పెట్టెలు, పెన్సిళ్ళ పెట్టెలు. కత్తెర కంటే బ్లేడు మేలనేది. మడత పెట్టేముందు గాజు ముక్క అంచుతో గీత గీయమనేది, అప్పుడు అట్ట విరగకుండా వంగుతుంది.

అమ్మమ్మ కిందటేడు పోయింది. జ్ఞాపకార్థ కూడికకి వేయించిన కార్డులు ఓ కట్ట మిగిలిపోయాయి. లేత ఊదారంగు, మందపాటి అట్ట. ఒకవైపు అమ్మమ్మ ఫోటో, కింద బైబిలు వాక్యం, కూడిక వివరాలు. రెండోవైపు ఖాళీ. మావాళ్ళ ఇళ్ళల్లో అలాంటి కార్డుని బైబిల్లో గుర్తుగా పెట్టుకుంటారు. మా ఇంట్లోనూ ఉంది. "మంచి అట్టే, పాప బొమ్మలేసుకుంటుంది, పట్టుకెళ్ళు" అని అమ్మే నా సంచిలో పెట్టింది.

పెట్టెకి పైన ఎర్రటి శుభలేఖలు అంటించాను. మూలల్లో పసుపు మరకలుంటే కత్తిరించేశాను. మిఠాయి పెట్టెకి కట్టిన జరీ రిబ్బన్ చుట్టాను. అడుగున వేసింది మాత్రం చెప్పుల డబ్బా అట్ట, దాని మీద అంకెలు కనిపిస్తున్నాయి. అవి కప్పడానికి అమ్మమ్మ కార్డు సరిగ్గా సరిపోయింది. మొహం కిందికి, ఖాళీ వైపు పైకి పెట్టి అంటించాను. అమ్మమ్మ చేయి కూడా ఇందులో ఉన్నట్టే కదా అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

సీమంతం రోజున పొద్దుటి నుంచీ ముసురు. కింద హాలంతా పట్టుచీరలు, తడి గొడుగులు. వచ్చినవాళ్ళు వెండి గిన్నెలూ, జరీ చీరలూ ఇస్తుంటే నా చేతిలో న్యూస్ పేపరు చుట్టిన పెట్టె బరువెక్కింది. వెనక్కి మేడ మీదికి పట్టుకుపోదామనిపించింది. ఈలోగా ఆంటీ చూసేశారు.

"అక్కా, మీరే చేశారా?" కుర్చీలో కూర్చున్న అమ్మాయి పెట్టెను తిప్పి తిప్పి చూసింది. "మా ఆయనకి కొంచెం నేర్పండి. ఆయన చపాతీ చేస్తే మ్యాపులొస్తాయి."

అందరూ నవ్వారు. "ఇందులోంచే తీసి తొడగండర్రా, ముచ్చటగా ఉంటుంది" అని ఆంటీ పళ్ళెంలోని గాజులన్నీ పెట్టెలో పోశారు. నాకు ఎంత సంతోషమేసిందో! పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముందు వరసలోకి జరిగాను.

ఒక్కొక్కరే వచ్చి గంధం రాసి, పన్నీరు చల్లి, ఆ తడి చేతులతోనే గాజులు తీసి తొడిగారు. ఆఖరున ఆంటీ ఆడపడుచు, ఆ ఇంటికి పెద్దావిడ, లేచారు. అడుగున మిగిలిన గాజులు పైకి తీయబోతే వాటితోపాటు ఊదారంగు అట్ట కూడా లేచి వచ్చింది. దాన్ని తిప్పి చూసి ఆవిడ కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఏంటే ఇది, ఫోటో ఉంది? జ్ఞాపకార్థ..." అక్కడే ఆగిపోయారు. అట్ట వదిలేశారు. అది అమ్మాయి ఒళ్ళో పడింది.

"చావు కార్డు! కడుపుతో ఉన్న పిల్ల చేతికి చావు కార్డు పెట్టారర్రా!"

వాళ్ళిళ్ళల్లో దినకార్యం కార్డు వస్తే వాకిట్లోనే చదివి చింపేస్తారు, గడప లోపలికి తేరు. ఈ మాట నేను వినకపోలేదు. కానీ మా అమ్మమ్మ కార్డు ఆ లెక్కలోకి వస్తుందని నాకు తట్టలేదు. నాకది అమ్మమ్మ ఫోటో, మంచి అట్ట. అంతే.

ఆంటీ వచ్చి ఆ కార్డు తీశారు. నావైపు తిరిగి, మామూలు గొంతుతోనే అడిగారు. "ఎవరమ్మా ఈవిడ?"

ఫోటోలో అమ్మమ్మ తెల్లచీరలో, చెవులకి ఏమీ లేకుండా, కొంచెం బెదిరినట్టు నవ్వుతోంది. హాల్లో అందరూ నన్నే చూస్తున్నారు.

"తెలీదండి" అన్నాను. "పాత కార్డులు ఎవరో ఇచ్చారు. చూసుకోలేదండి."

"తాతమ్మ!" అంది నా ఒళ్ళో పాప. "అమ్మా, మన తాతమ్మ!"

పాప నోటి మీద చేయి పెట్టి మొహం నా భుజానికి నొక్కేసుకున్నాను. "ముసలివాళ్ళని ఎవర్ని చూసినా తాతమ్మే అంటుందండి" అన్నాను. నవ్వాను కూడా. ఆ నవ్వు నా చెవులకి ఇప్పటికీ వినిపిస్తుంది.

పెద్దావిడ అమ్మాయిని లేవదీసి కాళ్ళూ చేతులూ కడగడానికి తీసుకుపోయారు. ఎవరో దిష్టికి ఉప్పు తెమ్మన్నారు. నేను భోజనం చేయకుండా పాపని ఎత్తుకుని మెట్లెక్కేశాను. సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "పెట్టె నచ్చిందా వాళ్ళకి?" అంది. "నచ్చిందమ్మా" అన్నాను.

ఆ తర్వాత పాపని కిందికి పంపలేదు. మామ్మకి పనుందని చెప్పాను. నాకు జ్వరమని చెప్పి ట్యూషన్ పిల్లల్ని రావద్దన్నాను. ఆంటీ పిలుస్తారేమోనని ఒక భయం, పిలవరేమోనని ఇంకో భయం. కింద కుక్కర్ కూత వినిపించినా లేచి తలుపు గడియ చూసుకునేదాన్ని. ఇల్లు ఖాళీ చేద్దామా అని మా ఆయన్ని అడిగితే, "ఒక అట్టముక్క కోసమా?" అన్నారు. కార్డు సంగతి మాత్రమే ఆయనకి చెప్పాను. నేనన్న మాట చెప్పలేదు.

ఒకరోజు వంట చేస్తుంటే పాప గదిలో ఒక్కతే ఆడుకుంటోంది. తన బొమ్మలన్నీ గోడకి ఆనించి కూర్చోబెట్టింది. ఒక్కొక్కదాన్నీ ఎత్తి గొంతు మార్చి అడుగుతోంది.

"ఎవరమ్మా ఈవిడ?"

మళ్ళీ నా గొంతుతో తనే, "తెలీదండి."

ఇంకో బొమ్మ. "ఎవరమ్మా ఈవిడ?" "తెలీదండి." ఎత్తిన బొమ్మనల్లా మంచం కిందికి తోసేస్తోంది.

స్టవ్ కట్టేసి పాప చేయి పట్టుకుని కిందికి దిగాను. ఆంటీ వరండాలో కూర్చుని గోంగూర ఒలుస్తున్నారు.

"ఆంటీ, ఆ కార్డులో ఉన్నది మా అమ్మమ్మండి."

ఆవిడ తలెత్తలేదు. "తెలుసమ్మా. ఆ చెవులే చెప్పాయి. పాపవీ అవే కదా, చేటల్లాంటివి."

పాప అప్పటికే ఆవిడ పక్కన చేరి కాడలు విరుస్తోంది.

"కోపం రాలేదని చెప్పను," అన్నారు ఆంటీ. "మా వదిన ఇప్పటికీ ఫోన్ చేసి సాధిస్తోంది. నాకూ భయమేసింది, ఎన్నాళ్ళకో నిలిచిన కడుపు. అయినా మీ పద్ధతి వేరు, తెలీక పెట్టావు, సరే. పిల్ల నోరెందుకు మూశావమ్మా?"

అమ్మమ్మ మొహం చూసి సిగ్గుపడ్డానా, వాళ్ళ మొహాలు చూసి భయపడ్డానా? రెండూ కలిసిపోయిన చోట నుంచి వచ్చిన మాట అది.

"కార్డు ఏం చేశారండీ?" అని మాత్రం అడగగలిగాను.

"ఇంట్లో ఉంచలేను కదా. చింపేద్దామని పట్టుకుంటే ఆవిడ నావంకే చూస్తోంది, చేయి రాలేదు. పాల కవరులో చుట్టి మెట్ల కింద మీటరు పెట్టె మీద పెట్టాను. నువ్వే చూసి తీసుకుంటావనుకున్నా."

నేను ఆ మెట్ల మీదే దించుకున్న తల ఎత్తకుండా ఎక్కుతూ దిగుతూ ఉన్నాను. అమ్మమ్మ అక్కడే ఉంది, పాల కవరులో.

లోపలి నుంచి అమ్మాయి గొంతు వినిపించింది. "అక్కా, అడుగున అట్ట ఊడిన పెట్టె ఇచ్చి మాయమైపోయారేంటండీ? గాజులన్నీ మంచం మీదున్నాయి. మేనత్త పారేయమంది గానీ నేను దాచాను." మెల్లగా నడుచుకుంటూ వచ్చి పెట్టెతో పాటు ఒక శుభలేఖ నా చేతిలో పెట్టింది. "అడుగున ఇది అంటించండి, మా పెళ్ళిదే. ఓ కట్ట మిగిలిపోయింది. మా ఆయన పంచడానికి బద్ధకించారు లెండి."

"పసుపు మూలలు కత్తిరించకు," అన్నారు ఆంటీ. పైన శుభలేఖలకి నేను కత్తిరించిన సంగతి ఆవిడ ఆ రోజే చూశారన్నమాట.

పైకొచ్చి పాల కవరు విప్పాను. ఎండిన మైదా చారికలు అమ్మమ్మ నుదుటి మీదా, చీర మీదా మిగిలిపోయాయి. తడిగుడ్డతో తుడిస్తే కొన్ని పోయాయి. ఒక చెంప దగ్గర రంగే లేచిపోయింది. కార్డుని బైబిల్లో పెట్టబోతుంటే పాప వచ్చి నా మోకాలి మీద గడ్డం ఆనించింది. కళ్ళు మెరిపిస్తూ, ఆట గొంతుతో అడిగింది.

"ఎవరమ్మా ఈవిడ?"

"మా అమ్మమ్మ" అన్నాను.

పాప మొహం చిన్నబోయింది. "అలా కాదమ్మా. తెలీదండి అనాలి."

"మా అమ్మమ్మ. నీకు తాతమ్మ."

"కాదు! నువ్వు తప్పు ఆడుతున్నావు" అని కాళ్ళు నేలకేసి కొట్టింది. పాప ఏడుపు ఆపలేకపోయాను. ఎత్తుకుని మళ్ళీ చెప్పాను. పాప నా చేతుల్లోంచి జారిపోయి, మంచం కింద ఉన్న బొమ్మల దగ్గరికి పాకింది.