ఒక్క కాలవ నీళ్ళు

“గండి నా వేపు తిప్పరా తమ్మీ. నారు ఎండిపోతంది.”

“రొజొ వచ్చీసింది కదన్నియ్యా. భూదేవి మీద పార ఎట్టమంటావేటి?”

మా పెదనాన్నా మా నాన్నా ఒకరితో ఒకరు ఆడిన ఆఖరి మాటలివి. నిన్న ముసురుకి తడిమట్టి వాసన గుమ్మంలోకి వచ్చినప్పుడు మళ్ళీ నా చెవిన పడ్డాయి. బరంపురం కాలేజీలో చదివే నా మనవరాలు, నేను చెబుతుంటే ఇప్పుడిది రాస్తున్న పిల్లే, పక్కన కూర్చుని ఇంగ్లీషు పాఠం వల్లిస్తోంది.

“అమ్మమ్మా, రైవల్ అంటే మనకి పోటీగా నిలబడీవోడు. లాటిన్‌లో రీవుస్ అంటే కాలవట. ఒక్క కాలవ నీళ్ళు వాడుకునీవోళ్ళని ముందు అలా పిలిసీవోరట. తర్వాత్తర్వాత పగోళ్ళయిపోనారు.”

“ఆ దేశంలోనూ అన్నదమ్ములున్నారేటే?” అన్నాను. అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

చికిటి దగ్గర మా రెండు పొలాలకీ కాలవ ఒక్కటే. మట్టికట్ట ఎటు తీస్తే నీరు అటు. పెదనాన్న కూతురు గౌరీ నేనూ అందులో పీతలు పట్టి, కాల్చుకు తిని, బురదకాళ్ళతో ఇల్లంతా తొక్కి ఇద్దరమ్మల చేతా తిట్లు తినేవాళ్ళం. ఒరియావాళ్ళ మధ్య బతికిన మాకు రొజొ కూడా మా పండగే. ఆ మూడు రోజులూ భూదేవి మైలలో ఉంటుందని నాగలీ పారా ముట్టరు. ఆ ఏడు పండగ ముందు సాయంత్రం నీళ్ళు పెదనాన్నకి వదలాలి. నాన్న “ఇంకాసేపు, ఇంకాసేపు” అంటూ గట్టు మీదే కూర్చున్నాడు. పొద్దు గూకింది. నీళ్ళు మావైపే ఉండిపోయాయి.

మామిడికొమ్మకి ఉయ్యాల కట్టారు. బెల్లం, కొబ్బరి వేసి కాల్చిన పోడొపిఠా వాసన వీధంతా కమ్ముకుంది. ఉయ్యాల ముందుకెళితే మా పచ్చని నారు, వెనక్కొస్తే పెదనాన్న పసుపుబారిన మడి. పెదనాన్న చేత్తో మట్టి తీసినా సరిపోయేది. ఆయనకీ భూదేవంటే భయమే. మూడోనాడు గౌరి ఉయ్యాలకి రాలేదు. పండగ వెళ్ళాక నాన్న గండి తిప్పాడు గానీ అప్పటికి ఆ నారు ఎండుగడ్డయిపోయింది.

మొన్న ఊరు వెళితే కాలవ లేదు. పూడ్చి ఇళ్ళస్థలాల రాళ్ళు పాతారు. ఎవరి మడి ఎక్కడో పోల్చుకోలేకపోయాను. గౌరి ఇప్పుడు దిగపహండిలో ఉంది, నాలాగే మొగుడు పోయి. ఇది తనకి పంపుతాను. వస్తుందో, చింపేస్తుందో.

ఏదీ, మొదట్నుంచీ చదువు తల్లీ. ఈ మాటల్లో పెదనాన్న వాటా ఎక్కడైనా తగ్గిందేమో వింటాను.