ఆరా, సున్నానా

ఆ కళ్ళజోళ్ళ దుకాణంలో ఆమెను అందరూ డిగ్రీ అక్క అనేవాళ్ళు. చదివింది పదో తరగతే గానీ, నోరు తెరిస్తే డిగ్రీల మాటే. కొన్ని కళ్ళకు అద్దంలో పవరు ఉంటే చాలదు, ఆ పవరు ఏ వాలులో కూర్చోవాలో కూడా డాక్టరు చీటీలో డిగ్రీల్లో అంకె వేస్తాడు. ఆ వాలు తప్పితే నిటారు గోడ ఒరిగినట్టుంటుంది, చదును నేల ఏటవాలవుతుంది. అందుకే దుకాణం వెనక గదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర, ఇరవై రెండేళ్ళుగా ఆమె ఒక్కో అద్దాన్ని మూడుసార్లు చూసిగాని ఫ్రేములో బిగించేది కాదు.

తాళాలు బాగుచేసే ఆమె భర్త, "మా ఆవిడ పక్క మీద దుప్పటి పరిస్తే నలుమూలలూ టేపుతో కొలుచుకోవచ్చు" అని నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు. నిజంగానే ఒక మూల ఎక్కువ వేలాడుతోందేమోనని వంగి చూసేది.

ఒక మంగళవారం మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి కొత్త చీటీ ఒకటి అందుకుంది. పక్క వీధి కంటి డాక్టరు రాసింది. ఆయన వచ్చి ఏడాది కూడా కాలేదు, చేతిరాత మాత్రం కోడి కెలికినట్టుంటుంది. చీటీలో వయసు దగ్గర రెండంకెలు ఉన్నాయి. రెండూ సున్నాల్లానే ఉన్నాయి. సున్నా ఏళ్ళ మనిషికి కళ్ళజోడేమిటని నవ్వబోయి, మళ్ళీ చూసింది. మొదటిదానికి నెత్తిన ఈగకాలంత తోక ఉంది.

అది ఆరు.

నవ్వు ఆగిపోయింది. ఆ పొద్దునే అదే డాక్టరు చీటీతో ఒక బస్సు డ్రైవరు కళ్ళజోడు తీసుకెళ్ళాడు. ఎడమ కంటికి వాలు వంద డిగ్రీలు. వందా, నూట అరవయ్యా? అద్దం వాలు చూపే మిషను మీద ఎన్నిసార్లు చూసినా తను చదివిన అంకెతోనే కదా సరిచూసుకుంటుంది. చీటీ కళ్ళజోడు పెట్టెలోనే పెట్టి ఇచ్చేశారు. రిజిస్టరులో ఉన్నది తన చేతిరాత. అందులో వంద అని ముత్యంలా ఉంది.

డ్రైవరుకు ఫోను చేసింది, ఆపేసి ఉంది. డాక్టరు దగ్గరికి చేస్తే, సాయంత్రం ఐదింటికి గానీ రారన్నారు. యజమాని దగ్గరికి వెళ్ళింది.

"సార్, నేనొకసారి డిపోకి వెళ్ళొస్తాను."

"తేడా ఉంటే ఆయనే వస్తాడు కదమ్మా. ఎక్కడికి పోతాడు?"

"వచ్చేలోపల బస్సు నడుపుతాడు సార్."

యజమాని చెయ్యి ఊపి వెళ్ళమన్నాడు.

డిపోలో డ్రైవరు పేరు చెబితే, టైములు రాసే ఆయన తల ఎత్తకుండానే, "తొమ్మిదో నెంబరు. ఇప్పుడే గేటు దాటింది. పరిగెత్తితే మలుపు దగ్గర దొరుకుతుంది" అన్నాడు. ఆమె పరిగెత్తింది. నలభై నాలుగేళ్ళ వయసులో, చెప్పు ఒకటి ఊడి వస్తుంటే చేత్తో పట్టుకుని పరిగెత్తింది. బస్సెక్కి డ్రైవరు వెనక సీటులోనే కూర్చుంది.

నడిచే బస్సులో డ్రైవరుతో మాట్లాడకూడదని ఎదురుగా బోర్డు ఉంది. పైనున్న చిన్న అద్దంలోకి మెడ చాపి చూసింది. నుదురు కనిపించింది, కళ్ళు కనిపించలేదు. బస్సు పక్కకి ఒరిగినప్పుడల్లా సీటు కడ్డీ గట్టిగా పట్టుకుంది. స్కూలు దగ్గర పిల్లలు రోడ్డు దాటుతుంటే బ్రేకు కాస్త ఆలస్యంగా పడినట్టనిపించింది. పడిందో, తనకే అలా అనిపించిందో. పక్కనున్న పెద్దావిడ, "దిగాల్సిన చోటు దాటిపోయిందా అమ్మా?" అని అడిగింది. లేదని తలూపి, మళ్ళీ లేచి నిలబడింది. నలభై నిమిషాల దారిలో ఎన్నిసార్లు లేచిందో, ఎన్నిసార్లు కూర్చుందో.

చివరి స్టాపులో బస్సు ఆగగానే ముందుకు వెళ్ళింది. ఆయన పెట్టుకున్నవి పాత కళ్ళద్దాలు.

"అన్నా, కొత్తవి ఏవీ?"

ఆయన గుర్తుపట్టి, కాస్త సిగ్గుపడుతూ జేబులోంచి పెట్టె తీశాడు. "పొద్దున పెట్టుకున్నానమ్మా. బస్సు మెట్టు పక్కకి జారినట్టు కనబడింది. కొత్తది కదా, అలవాటు కావాలంటారు కదా. ఇవాళ ఇంట్లో పెట్టుకుని అలవాటు చేసుకుని, రేపట్నుంచి డ్యూటీకి పెట్టుకుందామనుకున్నా."

పెట్టెలో చీటీ మడత విప్పి వెలుతురుకు పెట్టింది. నడిమి అంకె నెత్తిన సన్నటి తోక ఉంది.

"అలవాటు చేసుకోకండి అన్నా. తప్పు నాది."

ఆయనకు రెండో రోజుకల్లా కొత్త అద్దం బిగించి ఇచ్చింది. మెట్టు మెట్టులాగే ఉందన్నాడు. కథ అక్కడితో అయిపోతే ఆమెకు నిద్ర పట్టేది. కానీ మంగళవారమే తిరుగు బస్సులో ఇంకో ఆలోచన పురుగులా తొలవడం మొదలుపెట్టింది. ఆ డాక్టరు చీటీలు తను ఎన్ని చదివింది? ఎంతమంది అలవాటు చేసుకుంటున్నారు?

బస్సు దిగి, దుకాణంలో రిజిస్టరు చంకన పెట్టుకుని, ఐదింటికి డాక్టరు గదిలో నిలబడింది. అందులో ఆయన చీటీల్లో, వాలులో సున్నా ఉన్నవి పందొమ్మిది. డాక్టరు ఆ డ్రైవరు చీటీ చూసి, "నా ఆరు ఆరులాగే ఉంది కదమ్మా" అన్నాడు. ఆమె అదే చీటీ పట్టుకుని రెండడుగులు వెనక్కి జరిగి, "ఇప్పుడేంటి సార్?" అంది. ఆయన లేచి తన ఫైళ్ళు దించాడు. ఒక్కొక్కటీ కలిపి చూసుకుంటూ పోయారు. పదిహేడు సరిగ్గా ఉన్నాయి. డ్రైవరుది పోతే, ఇంకొకటి తేలింది. నూట అరవై ఐదుకి బదులు నూట ఐదు. ఆరు నెలల కిందటిది.

ఆ చిరునామా రెండు వీధుల అవతల. తలుపు తీసినావిడకు అరవై దాటి ఉంటాయి. బట్టల మీద చేతికుట్టు పువ్వులు కుట్టేదట. డిగ్రీ అక్క విషయమంతా గుమ్మంలోనే చెప్పింది. డాక్టరు రాత సంగతి ఎత్తలేదు. చదివింది నేనేనంది.

ఆవిడ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. మెల్లగా అంది. "కాడ కుడుతుంటే వంకర పోయేది. నాకు వయసైపోయింది, చెయ్యి పోయింది అనుకున్నాను. దారాల పెట్టె మా మరదలికి ఇచ్చేశాను. ఆర్నెల్లమ్మా. నీకు అంకె, నాకు ఆర్నెల్లు."

"అవునమ్మా."

"ఊరికే అవునంటావేం?"

డిగ్రీ అక్క చెయ్యి చాచి కళ్ళజోడు అడిగింది. ఆవిడ ఇచ్చి తలుపు వేసేసింది.

కొత్త అద్దాలు బిగించిన రోజు ఆవిడ దుకాణానికి వచ్చి, జోడు పెట్టుకుని, కౌంటరు మీది గుడ్డ అంచు పట్టుకుని నేత పోగులు వేలితో లెక్కపెట్టింది. "కనబడుతోంది" అని మాత్రం అని, వెళ్ళొస్తానని కూడా అనకుండా వెళ్ళిపోయింది. తర్వాత మరదలి దగ్గర్నుంచి పెట్టె తెచ్చుకుందని ఎవరో చెప్పారు. డిగ్రీ అక్క విని తలూపింది, సంతోషించినట్టు లేదు.

ఇప్పుడా డాక్టరు వాలును అంకెతో పాటు అక్షరాల్లో కూడా రాస్తున్నాడు. అది ఆమె పోరు పడలేక. అయినా ఆమె ఫోను చేసి అడుగుతూనే ఉంది. "నూట అరవయ్యేనా సార్?" అవతల నిట్టూర్పు వినబడుతుంది. "అక్షరాల్లో రాశాను కదమ్మా." "రాశారు సార్. ఒకసారి నోటితో కూడా అనండి."

మొన్న రోడ్డు మీద ఒకాయన కళ్ళజోడు పెట్టుకుని కూడా కళ్ళు చికిలించి షాపు బోర్డు చదువుతుంటే దాటి వెళ్ళిపోయింది. పదడుగులు వేసి ఆగి, వెనక్కి వచ్చి, "ఏమీ అనుకోకండి, ఆ జోడు ఎక్కడ చేయించారు?" అని అడిగింది. ఆయన ఇంకేదో దుకాణం పేరు చెప్పాడు. తమది కాదు. అయినా చేతిలోకి తీసుకుని, ఎండకు ఎత్తి పట్టి, అటు తిప్పీ ఇటు తిప్పీ చూడసాగింది.