తడి తునికాకు, పొడి బోర్డు

పొద్దుగాల నువ్వు గా పాత రేడియో విప్పి, "నానమ్మా, లోపల బోర్డు మీద ఏదో ఆకుముక్క అంటుకున్నది, గీకెయ్యాల్నా?" అన్నవు గదా బిడ్డా. గీకకు. కూసో, చెప్త, రాసుకో.

కోరుట్లల మాది ఒక్కటే అర్ర, అదే మా ఇల్లు, అదే మీ తాత రిపేరు దుకాణం. నేను బీడీలు చేసేదాన్ని. నా ఈడోళ్లకు ఎరుకే, బీడీలు చెయ్యాలంటే తునికాకు నానబెట్టి తడి గోనెల చుట్టిపెట్టాలె, ఆరితే పుటుక్కున విరుగుతది. మీ తాత పనికేమో తడే పడదు. సిరిసిల్ల నుంచి సుత రేడియోలు, టీవీలు తెచ్చిచ్చేటోళ్లు. వాటి బోర్డులు బాగుచేసి, వానకాలం చెమ్మ పట్టకుంట కుంచెతోని సన్నగ వార్నిష్ పూసేటోడు. పూసేముందు బోర్డు ఎముక లెక్క ఆరాలె, లేకుంటే తడి లోపల్నే చిక్కి రాగిగీతలను తింటదనేటోడు. నా గోనె జరంత అటు జరిగితే చాలు, "ఏమే, నీ చెరువు ఇటు రానియ్యకు" అని ఎక్కిరిచ్చేటోడు. "నా చెరువే కదనయ్యా నీకు కూడు పెట్టేది" అని నేను సుత ఊకోకపోయేదాన్ని.

ఒక యేడు ముసురు వట్టి పెంకులన్నీ కారినయి. ఇల్లు మొత్తంల పొడిజాగ ఒక్క మంచమంత మిగిలింది. అండ్ల జనం బోర్డులు పరిచి, ఆయన పోయి చెమ్మ గోడకు ఆనుకొని పండుకున్నడు. దగ్గు మొదలైంది. అవి తీసి నువ్వు పండుకోవయ్యా అని బతిమాలితే, "మంది సొమ్మే అది, పాడైతే ఏం మొఖం వెట్టుకొని చెప్త? నాకు సుత ఓ పూత పుయ్యి, ఏం గాదు" అని నవ్విండు. జగిత్యాల దవాఖానకు తీస్కపోయేసరికి రొమ్ము నిండ నెమ్ము చేరింది. మళ్ల ఇంటికి రాలే.

దగ్గుకుంటనే ఆఖరికి పూసిన బోర్డు గీ రేడియోదే. నేను తడి గోనె పక్కన పెట్టుకొని వింటనని రెండు పూతలేసిండు. అది ఆరకముందే నేను కత్తిరిస్తున్న ఆకుల కెల్లి ఓ ముక్క ఎగిరి దాని మీద పడ్డది. తీయబోతే, "ఉండనియ్యే, నీ రేడియో సెట్టని గుర్తుంటది" అన్నడు.

ఇప్పుడు ఫోన్ల నీళ్లు పోతే కొత్తది కొంటున్నరు, ఆరబెట్టే ఓపిక ఎవరికున్నది? మనది స్లాబు ఇల్లు, ఎంత వాన గొట్టినా చుక్క కారదు. ఏ మూలకు చూసినా పొడిజాగనే. పండుకుందువు రావయ్యా అందామంటే మనిషి లేడు.

మెల్లగ బిగించు బిడ్డా. ఆ ముక్కకు చెయ్యి తగలనియ్యకు.