రత్తమ్మ ఫ్రేము కట్టించిన వార్త

మాచర్ల నుంచి రెంటచింతల వెళ్ళే రోడ్డు మీద, నాపరాయి క్వారీలకు దారి చీలే చోట వెంకటాద్రి కిరాణా కొట్టు ఉంది. ఆ కొట్టుకు రోజూ రెండు పేపర్లు వస్తాయి. అది చదువు మీద మోజు కాదు, భయం. ఊళ్ళో ఉన్నవి రెండు పార్టీలు, ఒక్కోదానికీ ఒక్కో పేపరు. ఒకటి వేయించుకుని రెండోది మానేశాడంటే మర్నాటి నుంచి సగం ఊరు చింతపండు కూడా వేరే కొట్లో కొనుక్కుంటుంది. అందుకని రెండూ తెప్పించి గల్లాపెట్టె మీద పక్కపక్కనే పెట్టడం తండ్రి కాలం నుంచీ ఆ ఇంటి ఆచారం.

పొద్దున్నే క్వారీ ట్రాక్టరు వచ్చేలోపు కూలీలు కొట్టు అరుగు మీద కూర్చుంటారు. ఆ వేళకు వచ్చేవాళ్ళలో అక్షరం ముక్క వచ్చినవాళ్ళు లేరనే చెప్పాలి. వెంకటాద్రి కళ్ళద్దాలు తగిలించుకుని వాళ్ళకు హెడ్డింగులు చదివి వినిపిస్తాడు. ఇందులోది ఒకటి, అందులోది ఒకటి. వార్త మొత్తం వినే తీరిక ఎవరికీ ఉండదు. ఆ మాటకొస్తే మన పేపర్లలో హెడ్డింగు చూశాక వార్తతో పని కూడా ఉండదు. ఎదురుగా ఉన్న రోడ్డే ఒక పేపరులో ‘అద్దంలా మెరిసే రహదారి’, రెండో పేపరులో ‘అడుగడుగునా గుంతలు.. ఇది రోడ్డా, నరకమా?’ విని జనం నవ్వుకునేవాళ్ళు. వెంకటాద్రి నవ్వేవాడు కాదు. ఏ పేపరు చదివినా ఒకే గొంతుతో, ఉన్నది ఉన్నట్టు చదివేవాడు. నీది ఏ పార్టీ అని ఎవరైనా అడిగితే పప్పులు తూచే పార్టీ అనేవాడు. ఊళ్ళో రెండు వర్గాలూ నమ్మే మనిషి ఎవరైనా ఉన్నాడంటే అది ఆయనే, ఆ నమ్మకమంతా ఆ గొంతు మీదే.

ఆ అరుగు మీద కూర్చునేవాళ్ళలో రత్తమ్మ ఒకతె. కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ క్వారీలో రాళ్ళు మోసిన మనిషి. మొగుడు మంచాన పడి కన్నుమూశాడు. ఉన్న ఒక్క కూతుర్నీ వినుకొండలో ఇచ్చింది. మొన్నటి పంచాయతీ ఎన్నికల్లో ఊరి ప్రెసిడెంటు పదవి ఆడవాళ్ళకు రిజర్వు కావడంతో ఒక పార్టీ పెద్దలు ఆమెను నిలబెట్టారు. చూపించిన చోట వేలిముద్ర వేసి ఊరుకుంటుందని వాళ్ళ ధీమా. రత్తమ్మ మాత్రం పిచ్చిది, ప్రెసిడెంటు అంటే ప్రెసిడెంటే అనుకుంది. క్వారీ పేటలో ఇంటింటికీ తిరిగి మంచినీళ్ళ కుళాయి వేయిస్తానని మాటిచ్చింది. ఏళ్ళ తరబడి ఊరిని ఏలిన పాత ప్రెసిడెంటు కోటేశ్వర్లు రెండో పార్టీ తరఫున తన కోడలిని పోటీ పెట్టాడు. కోడలు ఓడిపోయింది.

ఫలితాలు వచ్చిన మర్నాడు పొద్దున రత్తమ్మ అరుగు మీదికి వచ్చింది. రోజూ తలకు చుట్టుకునే గుడ్డ లేదు. ఉతికిన చీర కట్టుకుంది.

“అన్నాయ్, నా గురించి ఏవన్నా రాశారా?” అని అడిగింది, అడగడానికే సిగ్గుపడుతూ.

వెంకటాద్రి ముందు ఆమె పార్టీ పేపరు తెరిచాడు. ‘పెద్దాయన వ్యూహం.. బద్దలైన కంచుకోట’ అని ఉంది. కింద మాచర్లలో ఉండే ఆ పార్టీ పెద్దాయన ఫొటో. రత్తమ్మ పేరు వార్త చివర ఓట్ల లెక్క పక్కన ఇరుక్కుని ఉంది. ఆయన చదివాడు. రత్తమ్మ మెడ సాచి చూసింది.

“నా బొమ్మ ఏదన్నాయ్?”

“ఇందులో వెయ్యలేదమ్మా.”

రెండో పేపరు తిప్పాడు. అందులో రత్తమ్మ ఫొటో ఉంది, పేజీలో సగం మేర. నామినేషన్ రోజున తల వంచుకుని, సిరా అంటిన బొటనవేలిని కాగితం మీద అద్దుతుండగా తీసినది. దాని పైన లావుపాటి అక్షరాలు: ‘వేలిముద్రకు పంచాయతీ పగ్గాలు!’ దాని కింద కొంచెం చిన్నవి: ‘ఓనమాలు రాని ప్రెసిడెంటుతో ఊరు గట్టెక్కేనా?’

వెంకటాద్రికి ఒళ్ళు మండింది. కోటేశ్వర్లు మాత్రం ఏ బళ్ళో చదివాడు? ఆయనా జీవితమంతా వేలిముద్రే. ఆయన గెలిచినప్పుడు ఇదే పేపరు ‘బడి మెట్టు ఎక్కకున్నా జనం మనసు చదివిన నేత’ అని రాసింది. ఆ హెడ్డింగును ఈ అరుగు మీదే వెంకటాద్రి చదివి వినిపించాడు. పెద్ద కమతం ఉన్నవాడి వేలికి అంటితే అనుభవమైన సిరా, రాళ్ళు మోసే ఆడమనిషి వేలికి అంటేసరికి ఊరికి అరిష్టమైంది. పోనీ పేపరువాళ్ళు అబద్ధం రాశారా అంటే, ఒక్క ముక్క అబద్ధం లేదు. కడుపు రగిలేది అక్కడే.

రత్తమ్మకు అక్షరాలు తెలియవు, తన ముఖం తెలుసు. “అదుగో నేనే! ఎంత పెద్దగా ఏశారన్నాయ్! మనోళ్ళు ఎయ్యకపోయినా ఆళ్ళు ఏశారు సూడు. పైన ఏం రాశారు?”

అరుగంతా ఆయన వైపు చూసింది. వెంకటాద్రి కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

“‘రాళ్ళు మోసిన చేతికి ఊరి పగ్గాలు.. రత్తమ్మ ఘన విజయం!’” అని చదివాడు. అదే గొంతు. ఎక్కడా తడబడలేదు.

“నా పేరు కూడా పైనే రాశారా? అంత లావు అచ్చరాల్లో?”

“రాశారమ్మా.”

రత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పుట్టాక తన పేరు రేషన్ కార్డు మీద, క్వారీ హాజరు మస్తరు మీద తప్ప ఎక్కడా ఎవరూ రాయలేదు. ఆ పేపరు తనకిమ్మని అడిగింది. చిరిగిందనో, సాయంత్రం ఇస్తాననో ఏదో ఒక సాకు చెప్పాల్సింది. వెంకటాద్రి నోటికి ఏ సాకూ రాలేదు. ఆమె దాన్ని భద్రంగా మడిచి తీసుకుపోయింది. సిగ్గు విడిచి చెప్పుకోవాలంటే, ఆ పూటంతా ఆయన ముచ్చటపడ్డాడు కూడా. పేపరువాళ్ళకంటే తానే మంచి హెడ్డింగు పెట్టాననుకున్నాడు.

ఆయన భార్య బాలసరస్వతి తెల్లారగానే ఆ పేపరు చూసేసింది. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అడిగేసింది.

“ఏందండీ, అందులో ఉన్నదొకటి, మీరు చదివిందొకటి?”

“దాని మొహం చూసి నోరు రాలేదే.”

“నోరు రాకపోతే మానెయ్యాలి. పేపరెందుకిచ్చారు? రేపు ఎవరో ఒకరు చదివి చెప్తే దాని మొహం ఎట్టుంటదో ఆలోచించారా? పోయి చెప్పండి. మీరు చెప్తేనే కాస్త తట్టుకుంటది.”

వెళ్తాననుకుంటూనే రెండు రోజులు గడిపాడు. మూడో రోజు మాచర్ల ఆటో కొట్టు ముందు ఆగింది. రత్తమ్మ దిగింది, చంకలో తువ్వాలు చుట్టిన పలకలాంటిది పట్టుకుని.

“ఫ్రేము కట్టిచ్చానన్నాయ్! మాచర్లలో ఇస్మాయిల్ ఫొటోల కొట్లో. అద్దం కూడా ఏశాడు. పెమాణం రోజున పంచాయితీ ఆపీసులో నా కుర్చీ పైన తగిలిస్తా. అందాకా ఎవురికీ సూపియ్యను.”

వెంకటాద్రి తూస్తున్న తక్కెడ దించాడు. “ఇస్మాయిల్ ఏమన్నా అన్నాడా?”

“ఏవీ అనలా. చానా సేపు దాని వంకే సూశాడు. డబ్బులిస్తే వొద్దన్నాడు. చానా మంచి పిల్లోడు.”

ఇస్మాయిల్ చదివాడు, చదివి జాలిపడ్డాడు. ఊళ్ళో చదువొచ్చినవాళ్ళంతా అప్పటికే ఆ వార్తను ఫోన్లలో ఒకరికొకరు పంపుకుని నవ్వుకున్నారు. ప్రెసిడెంటు కాబోయే మనిషి ముందు ఆ మాట అనే తెగువ ఎవరికీ లేకపోయింది, అంతే.

సాయంత్రం కొట్టు బాలసరస్వతికి అప్పజెప్పి క్వారీ పేటకు బయలుదేరాడు. దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలో కూడబలుక్కున్నాడు. తీరా వెళ్ళేసరికి రత్తమ్మ ఇంటి ముందు చుట్టాలు, వినుకొండ నుంచి వచ్చిన కూతురి అత్తవారు. వెంకటాద్రిని చూసి రత్తమ్మ ఎదురొచ్చి మంచం వాల్చింది.

“ఇదుగో, నేను చెప్పలా? ఈ అన్నాయే సదివింది. ఆ ముక్క మా వొదినకి ఒకసారి చెప్పన్నాయ్. నాకైతే నోరు తిరగట్లా.”

వియ్యపురాలు ఆసక్తిగా ముందుకు వంగింది. ఆమె ముందు, ఆ కళ్ళ ముందు, నిజం ఎలా చెబుతాడు? వెంకటాద్రి మంచం పట్టె పట్టుకుని, “రాళ్ళు మోసిన చేతికి ఊరి పగ్గాలు, రత్తమ్మ ఘన విజయం” అని రెండోసారి కూడా చెప్పాడు. రత్తమ్మ ఇచ్చిన కాఫీ తాగి, చీకటి పడకముందే ఇంటికి వచ్చేశాడు. 

ప్రమాణ స్వీకారం రోజున కొట్టు మూసేసి అందరికంటే ముందు పంచాయతీ ఆఫీసుకు వెళ్ళాలనుకున్నాడు. కానీ రత్తమ్మ ఆయనకంటే ముందే వచ్చింది. గోడకు మేకు కొట్టించి, ఫ్రేము తగిలించి, తువ్వాలు అలాగే ఉంచింది. ముందు వరసలో పార్టీ పెద్దలు, ఓ పక్కన మర్యాదకు వచ్చిన కోటేశ్వర్లు, వెనక ఆయన మనుషులు. గది కిటకిటలాడిపోతోంది. వెంకటాద్రి జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆమె మోచేయి పట్టుకున్నాడు.

“రత్తమ్మా, ఒక్క మాట. పక్కకు రామ్మా.”

“తరవాతన్నాయ్. మంచి గడియ దాటిపోద్ది,” అంటూ తువ్వాలు లాగేసింది.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనకనుంచి ఒకడు గట్టిగా చదివాడు, “వేలిముద్రకు పంచాయతీ పగ్గాలు!” గది గొల్లుమంది. ఫోన్లు పైకి లేచాయి. ఆమె పార్టీ పెద్దల్లో ఒకాయన విసుక్కుంటూ, “ఏమే, ఎవరు తగిలించమన్నారు దాన్ని? తీయించు ముందు!” అన్నాడు. అవమానం ఆమెకు జరిగింది, ఉక్రోషం మాత్రం ఆయనకు వచ్చింది.

రత్తమ్మ బెదరలేదు. “ఎందుకయ్యా నవ్వుతారు? నేను గెలిచిన వార్తేగా అది?”

“ఓనమాలు రావని తిట్టి రాస్తే దానికి అద్దం కట్టిచ్చావా తల్లీ!” అన్నాడు వెనకవాడు.

“కడుపుమంటతో లేనిది సదవమాక. నాకు తెలవదనుకున్నావా? మా అన్నాయ్ సదివాడు.” ఆమె జనంలో వెతికి వెంకటాద్రిని పట్టుకుంది. “అన్నాయ్, నువ్వు సదువు. ఈళ్ళందరికీ ఇనపడేట్టు సదువు.”

గదంతా ఆయన వైపు తిరిగింది. కోటేశ్వర్లు కూడా వెనక్కి తిరిగి చూశాడు. ఊళ్ళో రెండు పార్టీలూ నమ్మే గొంతు అదొక్కటే మరి. వెంకటాద్రి కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు. మూడోసారి కూడా అదే అబద్ధం చెప్పవచ్చు. చెబితే రత్తమ్మ నమ్ముతుంది, ఊరు ఇంకా నవ్వుతుంది, రేపటినుంచి ఎదురుపడిన ప్రతివాడూ ఆమెను అడిగి మరీ నవ్వుతాడు.

“‘వేలిముద్రకు పంచాయతీ పగ్గాలు,’” అని చదివాడు. “‘ఓనమాలు రాని ప్రెసిడెంటుతో ఊరు గట్టెక్కేనా?’”

 రత్తమ్మ ఆయన పెదాల వంకే చూస్తోంది.

“మరి ఆ రోజు సదివిందేంది?”

“అది నేను కల్పించి చెప్పానమ్మా. నువ్వు బాధపడతావని…”

“పైన నా పేరు లేదా అన్నాయ్?”

“లేదమ్మా.”

ఆమె స్టూలు తెప్పించుకుని తానే ఎక్కి ఫ్రేము దించింది, తువ్వాలు చుట్టి గోడ వైపుకు తిప్పి ఆనించింది. తర్వాత ఆఫీసరు ఒక్కో ముక్క చెబుతుంటే ప్రమాణం చేసింది. చివర రిజిస్టరు మీద వేలిముద్ర వేసేటప్పుడు మళ్ళీ ఫోన్లు లేచాయి. ఎవరికీ కనిపించకుండా ఎడమచేతిని అడ్డం పెట్టుకుని వేసింది. వెంకటాద్రి అది చూశాడు. చూసి ఉండకపోతే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాడు.

మర్నాడు ఒక పేపరు ‘నవ్వులపాలైన ప్రమాణం’ అంది. రెండోది ‘పెద్దాయన దీవెనలతో కొత్త శకం’ అంది. కూలీలు ఎప్పటిలాగే అరుగు మీద కూర్చున్నారు. చదవమని ఒక్కరూ అడగలేదు. ఆయనే ఒక హెడ్డింగు మొదలుపెట్టబోతే ఒకడు బీడీ వెలిగించుకుంటూ, “నిజంగా అట్టే ఉందా శెట్టిగారూ?” అన్నాడు. వెటకారానికి కాదు, మామూలుగానే అడిగాడు. వెంకటాద్రి పేపరు మడిచేశాడు. ఇప్పుడూ రెండు పేపర్లూ వస్తున్నాయి, పొట్లాలు కట్టడానికి పనికొస్తున్నాయి.

ఎండలు ముదిరేనాటికి క్వారీ పేటలో కుళాయి పడింది. రత్తమ్మ మండలాఫీసు చుట్టూ తిరిగి, పార్టీ పెద్దల గుమ్మాల్లో కూర్చుని సాధించింది. ఏ పేపరులోనూ ఒక్క ముక్క రాలేదు. వెంకటాద్రి రెండిట్లోనూ, మూల మూలలా వెతికాడు.

చాన్నాళ్ళకు రత్తమ్మ ఒక సాయంత్రం కొట్టుకు వచ్చింది. అంతకాలం ఎక్కడ సరుకులు కొనుక్కుందో ఏమో. “అన్నాయ్, టీపొడి డబ్బా ఇయ్యి,” అంది. అదే పిలుపు, కోపం జాడ కూడా లేదు. వెంకటాద్రికి ప్రాణం లేచొచ్చింది. బాలసరస్వతిని కేకేసి మంచినీళ్ళు తెమ్మన్నాడు. డబ్బా తుడిచి చేతికిస్తూ ధర చెప్పాడు. ఇన్నేళ్ళలో ఆయన చెప్పిన ధర ఆమె ఏనాడూ మారు అడిగింది లేదు, చెంగుముడి విప్పి డబ్బులు అక్కడ పెట్టేది.

రత్తమ్మ ముడి విప్పలేదు. సరుకుల కోసం పక్కనే నిలబడి ఉన్న అంగన్‌వాడీ టీచరు సైమా చేతికి డబ్బా ఇచ్చింది.

“అమ్మాయ్, దీని మీద రేటు ఎంతుందో కాస్త సూసి చెప్పమ్మా.”