కోత పండుగనాడు వచ్చిన గొంతు

మా చర్చి సంఘంలో పాట ఎత్తుకునేది నేనే. పెళ్లయి బతు బస్తీకి కాపురానికి వచ్చిన కొత్తలో, ఆ పని చేసే పెద్దావిడకి ఒక ఆదివారం జ్వరం వచ్చింది. అయ్యగారు ఆడవాళ్ల వైపు ఒకసారి చూసి, నా దగ్గర ఆగి తల ఊపారు. అప్పటినుంచి అది నాదైపోయింది.

మా తాతలు శ్రీకాకుళం వైపునుంచి ఓడెక్కి ఈ దీవులకి వచ్చినవాళ్లు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. మా పిల్లల తరానికి తెలుగు నోటికి వస్తుంది గాని కంటికి రాదు. పాటల పుస్తకం చేతికిస్తే బొమ్మలున్నాయేమోనని వెతుకుతారు. అందుకని శనివారం సాయంత్రాలు నా కుట్టు దుకాణంలో మిషను గోడవైపు జరిపి, ఆడపిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి, నోటితోనే నేర్పేదాన్ని. నేనొక ముక్క పాడితే వాళ్లొక ముక్క పాడేవారు.

నా మెడలో గడ్డని మొదట చూసింది జాకెట్టు కొలతలకి వచ్చిన ఒకావిడ. నేను టేపు పట్టుకుని ఉంటే అద్దంలో నావైపే చూస్తూ, "దీదీ, గలే మే యే క్యా హై?" అని తన మెడమీద వేలు పెట్టి చూపించింది. అద్దం దగ్గరికి వెళ్లి గుటక వేశాను. చర్మం కింద నిమ్మకాయంత గడ్డ పైకెక్కి మళ్లీ కిందికి దిగింది.

"థైరాయిడ్ గడ్డ. తీసెయ్యాలి. తీసి పరీక్షకి పంపిస్తేగాని మంచిదో చెడ్డదో చెప్పలేం" అంది డాక్టరమ్మ. నేను సంఘంలో పాడతానని మా ఆయన చెప్పగానే కలం కింద పెట్టింది. "గొంతు నరం దాని పక్కనే ఉంటుందమ్మా. జాగ్రత్తగానే చేస్తాం. అయినా కొందరికి కొన్నాళ్లు మాట పోతుంది. ఎప్పుడో ఒకరికి అలాగే ఉండిపోతుంది."

ఆ ఎప్పుడో ఒకరు నేనేనని నాకు గట్టిగా అనిపించింది. ఇంటికొచ్చి వంటగదిలో మోకరించి, ప్రాణం ఉంచమని అడగాల్సింది పోయి గొంతు ఉంచమని అడిగాను. ఉంచితే దానితో మొదట పలికేది నీ నామమే అని మాట కూడా ఇచ్చాను.

ఆపరేషన్ అయ్యాక కళ్లు తెరిచి, ఇచ్చిన మాట నిలబెట్టుకుందామని నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

పరీక్ష ఫలితం వచ్చిన రోజు మా ఆయన వార్డు గుమ్మంలోంచే, "మంచి గడ్డేనే! కేన్సర్ కాదట!" అని అరిచారు. ఆయన బోటు ఇంజన్ల మెకానిక్. జీవితమంతా ఇంజన్ల పక్కనే గడిపి చెవులు మందగించాయి, అందుకని మాట పెద్దది. వార్డంతా వింది. పక్క మంచం మీద కార్ నికోబార్ దీవి నుంచి వచ్చిన ఒక అవ్వ ఉండేది. ఆవిడకి తెలుగు రాదు, నాకు ఆవిడ భాష రాదు. కాని ఆయన ముఖం చూసి సంగతి గ్రహించింది. తన కర్ర పట్టుకుని మెల్లగా నా మంచం దగ్గరికి వచ్చి, నా చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని ప్రార్థన చేసింది. అందులో యేసు పేరొక్కటే నాకు తెలిసింది. ప్రార్థన అయ్యాక పళ్లు లేని నోటితో పకపకా నవ్వింది, నేనేదో పండుగకి వచ్చిన చుట్టాన్నయినట్టు. గొంతు పోయిన దిగులు ఎక్కడికీ పోలేదు, కాని దాని మీదుగా ఒక సంతోషం వచ్చి కూర్చుంది. ఇంత పెద్ద సముద్రంలో ఎక్కడెక్కడి వాళ్లమో ఇద్దరం, మా ఇద్దరినీ ఎరిగినవాడు ఆ గదిలోనే ఉన్నాడనిపించింది.

ఇంటికి వచ్చాక గుసగుస ఒక్కటే మిగిలింది. గుసగుసగా మాట్లాడితే ఎదుటివాళ్లు కూడా గుసగుసలాడతారని నాకప్పుడు తెలిసింది. దుకాణానికి వచ్చిన ఆడవాళ్లు, "దీదీ, చేతులు కొంచెం లూజుగా ఉంచు" అని దొంగతనం మాట చెప్పినట్టు చెవిలో చెప్పేవారు. మామూలుగా మాట్లాడేది మా ఆయన ఒక్కరే, ఎందుకంటే నా గుసగుస ఆయనకి సరిగా వినపడదు. నేను ఉప్పు అంటే ఆయన చెప్పు తెచ్చేవారు. చివరికి చేతులతో సైగలు మొదలుపెట్టాం. కుటుంబ ప్రార్థనలో పాట బాధ్యత కూడా ఆయనే తీసుకున్నారు. ఆయన పాటకి రాగమంటూ ఉండదు. మొదటి చరణం ఒక పాటది, రెండో చరణం ఇంకోదానిది. ఒకరోజు నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయనకి కోపం రాలేదు. "నవ్వు, నవ్వు. దేవుడు కూడా నవ్వుతుంటాడు" అన్నారు.

ఆదివారాలు మాత్రం కష్టంగా ఉండేది. వెనక వరసలో కూర్చునేదాన్ని. నేను నేర్పిన పిల్లలే ముందు నిలబడి, ఎత్తుకోవడంలో తడబడి, ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకునేవారు. డాక్టరమ్మ మాత్రం చూసిన ప్రతిసారీ, "నరం తెగలేదు, వాచింది. తొందరపెట్టకండి" అనేది.

అలా ఉండగా ఫెరార్గంజ్‌లో మా అక్కవాళ్ల సంఘంలో కోత పండుగ వచ్చింది. తోటల్లో పండిన మొదటి కాపు తెచ్చి దేవుడి ముందు పెట్టి, ఆరాధన తర్వాత వేలం వేస్తారు. నాకు వెళ్లాలని లేదు. మా ఆయన ఊరుకోలేదు. చాతం దగ్గర ఫెర్రీ ఎక్కి బంబూఫ్లాట్ రేవులో దిగి, అక్కడ బస్సు పట్టుకున్నాం.

మందిరం వరండా అంతా గుమ్మడికాయలు, అరటి గెలలు, పోకకాయల గుత్తులు, అల్లం బుట్టలు. అక్క తన పెరటి బచ్చలి, తోటకూర కట్టలు కట్టి ఒక గంపలో పేర్చింది. "ఏటే, ఇలా చిక్కిపోనావు? ఇక్కడ కూకో, ఇవి సూస్తుండు" అని నన్ను గంప దగ్గర కూర్చోబెట్టి లోపలికి వెళ్లింది. మగవాళ్లు ఆవరణ అవతల, రోడ్డు పక్కన టార్పాలిన్ కడుతున్నారు. మా ఆయన అక్కడే నిచ్చెన మీద ఉన్నారు.

నేను కళ్లు మూసుకుని నా ప్రార్థనేదో నేను చేసుకుంటున్నాను. కరకరమని చప్పుడైతే కళ్లు తెరిచాను. ఎవరిదో నల్ల మేక గంపలో తల దూర్చి అక్క తోటకూర నములుతోంది. దాని మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

"ఏయ్! హట్! హట్ రే! దేవుడి సొమ్మే దొరికిందేటి నీకు!"

మేక కట్ట నోట కరుచుకుని పారిపోయింది. వరండాలో వాళ్లంతా నావైపు తిరిగారు. అరిచింది ఎవరా అని నేను కూడా వెనక్కి తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు.

అవతల నిచ్చెన మీదనుంచి మా ఆయన దిగుతున్నారు. పక్కన నిలబడి పిలిచినా వినపడని మనిషి, ఆవరణకి ఆ చివరనుంచి పరుగెత్తుకుంటూ వచ్చారు.

"ఎవులే అరిసింది? నువ్వేనేటి?"

"నేనే" అన్నాను. బొంగురుగా, మందంగా ఉంది, కాని గొంతే. ఆయన నా ముఖం రెండు చేతుల్లో పట్టుకుని, అంతమంది ముందు, "ఇంకోపాలి అను" అన్నారు.

"నేనేనండీ."

అక్క పరుగున వచ్చి నన్ను పట్టుకుని ఏడుస్తుంటే, ఆ ఊరి అయ్యగారు కూడా వచ్చారు. నాకు సంతోషం ఒకవైపు, సిగ్గు ఒకవైపు. "అయ్యగారూ, మొదట ఆయన నామమే పలుకుతానని మాటిచ్చాను. హిందీలో మేకని తిట్టాను" అన్నాను.

ఆయన గట్టిగా నవ్వారు. "దేవుడికి హిందీ కూడా వచ్చులేమ్మా. ఆయన సొమ్మే కదా కాపాడావు."

అప్పుడు నాకు నవ్వు వచ్చింది. ఆపరేషన్ తర్వాత చప్పుడుతో నవ్విన మొదటి నవ్వు అది. నేను ఇన్నాళ్లూ కళ్లు మూసుకుని గంభీరంగా ఎదురుచూస్తుంటే, దేవుడు మేక వెనకాల నిలబడి నన్ను ఆట పట్టించినట్టుంది. అంత దగ్గరగా ఆయన్ని నేను ఏ పాటలోనూ ఎరగను.

ఆ రోజు ఆరాధనలో పాడాను. పైస్థాయి అందలేదు, మధ్యలో గొంతు రెండుసార్లు చీలింది. అయినా పాడాను. వేలంలో, మేక తినగా మిగిలిన తోటకూరని మా ఆయన పట్టుబట్టి కొన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఫెర్రీలో ఆగకుండా మాట్లాడాను. చేపల సంగతి, అక్క కోడళ్ల సంగతి, నీళ్ల మీద వెలుతురు సంగతి, నోటికి ఏది వస్తే అది. ఆయనకి సగం వినపడి ఉండదు. రేవు వచ్చేదాకా తల ఊపుతూనే ఉన్నారు.

పాత గొంతు పూర్తిగా రాలేదు, రాదని డాక్టరమ్మ కూడా చెప్పింది. ఇప్పుడు పాట కింది స్థాయిలో ఎత్తుకుంటాను. పైకి వెళ్లాల్సిన చోట ఆగి పిల్లల వైపు చూస్తాను. వాళ్లు అందుకుంటారు. ఒక్కోసారి అక్కడ నేను ఎన్నడూ ఎక్కనంత ఎత్తుకి ఎక్కుతారు.