వెంకట్రాం నాలుగు స్ట్రైకర్లు

తాళం వేశాక తలుపు గుంజి చూడటం వెంకట్రాంకు అలవాటు. గుంజి చూసి, వీధి మలుపు దాకా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి గుంజేవాడు. పాలల్లో నీళ్ళున్నాయని అనుమానం, కూరగాయలామె తక్కెడ మీద అనుమానం, ఆఖరికి బావమరిది నవ్వు మీద కూడా అనుమానమే. "నీకు నీ నీడ మీద గూడ నమ్మకం లేదు పో" అనేది భార్య కమల. నర్మెట్టలో భూములున్న ఇంట్లో పుట్టి, అన్నదమ్ముల పంపకాల్లో గెట్టు రాళ్ళు జరగడం కళ్ళారా చూసి పెరిగిన మనిషి. ఆ బుద్ధిని జనగామకు తెచ్చుకుని, సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరి, మరింత జాగ్రత్తగా పెంచుకున్నాడు.

అలాంటి మనిషి లోకంలో అనుమానించనిది ఒక్క గణపతినే. గణపతి అదే ఆఫీసులో అటెండరు, కొడకండ్ల దగ్గరి తండావాడు. మధ్యాహ్నం అన్నం తినగానే ఆఫీసు వెనక రేకుల షెడ్డులో క్యారమ్ బోర్డు పడేది. ఏళ్ళ తరబడి ఇద్దరిదీ ఒకటే జట్టు. ఎదురెదురుగా కూర్చుంటే వాళ్ళకు మాటలతో పని లేదు. గణపతి భుజం కాస్త వాలితే చాలు, ఏ మూలకు కొడతాడో వెంకట్రాంకు తెలిసిపోయేది. ఇంట్లో అన్నదమ్ములతో కుదరని పొత్తు ఇక్కడ కుదిరిందని లోలోపల మురిసేవాడు.

ఒక్క విషయంలోనే ఇద్దరికీ పడేది కాదు. ఆటకు స్ట్రైకర్లు ఎన్ని పట్టుకుపోవాలన్నదే ఆ గొడవ. వెంకట్రాం నాలుగు మోసేవాడు. ముసురుకు బోర్డు చెమ్మెక్కి మొరాయిస్తుంది కాబట్టి బరువైనది ఒకటి. ఎండాకాలం సర్రున జారే బోర్డుకు తేలికది ఒకటి. బొటనవేలితో వెనక్కి కొట్టడానికి నున్నటిది ఒకటి. ఇక నాలుగోది, ఈ మూడింట్లో దేన్నయినా ఎవడైనా కొట్టేస్తే! గణపతికి అసలు ఒక్కటీ లేదు. వంతు రాగానే చెయ్యి చాపేవాడు. వెంకట్రాం తగినది ఏరి బోర్డు మీదుగా జార్చేవాడు.

"నాలుగెందుకన్నా? ఒక్కటి మంచిదుంటె ఇద్దరం ఆడుకుంటం గద."

"అది పోతే?"

"పోతె ఎవలన్న ఇస్తరు. జర మనుషుల్ని నమ్మరాదె."

ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. ఆఫీసులకు తాళాలు పడ్డాయి. రోడ్ల మీదే టెంట్లు, రోడ్ల మీదే వంటలు, పాటలు, ఆటలు. జనగామ శిబిరంలో క్యారమ్ బోర్డు వెలిసింది. శిబిరానికీ శిబిరానికీ పోటీలు పెట్టారు. వెంకట్రాం, గణపతి మానుకోట పోయి గెలిచారు. డప్పులు మోగాయి, ఇద్దర్నీ భుజాల మీద మోశారు. కానీ అక్కడ ఎవడో బరువైన స్ట్రైకర్‌ను చేతిలో తిప్పి చూసి "భలే ఉన్నదే" అన్నాడు. ఆ ముక్క వెంకట్రాం చెవిలో ముల్లులా ఉండిపోయింది. అప్పటి నుంచి దాన్ని దాచడమే పని. ఒకసారి మేజోడులో, ఒకసారి టిఫిను డబ్బా అడుగున, ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ.

ఆఖరి ఆట భూపాలపల్లిలో, బొగ్గుబాయి కార్మికుల శిబిరంలో. బస్సులు కూడా సమ్మెలోనే ఉన్నాయి కాబట్టి వెంకట్రాం మోటార్ సైకిల్ తీశాడు. గణపతి వెనక కూర్చుని, స్ట్రైకర్ల సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. దారంతా ముసురు. టెంటు కింద మైకులో ఒకాయన, మన మాటను సినిమాల్లో ఎన్నేండ్ల సంది వెక్కిరిస్తున్నారో చెబుతుంటే, వెంకట్రాం అరచేతులు మండేలా చప్పట్లు కొట్టాడు. తర్వాత సంచి తీసి వెతికాడు. మూడే ఉన్నాయి. బరువైనది లేదు.

సంచి ఎవరి ఒళ్ళో ఉంది? గణపతి ఒళ్ళో.

ఛీ, అనుకున్నాడు. అనుకున్నాడే గానీ ఆ ఊహ కదల్లేదు. "బరువుది కనవడ్తలేదు" అన్నాడు గణపతి మొహంలోకి చూస్తూ.

"ఏడనో ఉంటది తియ్యన్నా, పరేషాన్ గాకు" అని గణపతి అటు నడిచాడు. ఇంత పెద్ద నష్టానికి అంత తేలిగ్గా ఎలా అనగలిగాడు? వెంకట్రాం కళ్ళు అతని వెంటే పోయాయి. అవతలి జట్టులో శివాజీ అనే బొగ్గుబాయి కార్మికుడు ఉన్నాడు. అతనిదీ తండానే. ఇద్దరూ తమ ఇంటి భాషలో ఏదో మాట్లాడుకున్నారు, నవ్వుకున్నారు. శివాజీ జేబులోంచి గుండ్రటిది ఒకటి తీసి గణపతి చేతిలో పెట్టాడు. తనకు తెలియకుండా బేరం నడుస్తోందని వెంకట్రాంకు రూఢి అయిపోయింది. లేచి అందరి ముందూ అరిచాడు.

"మీరు మీరు ఒక్కటే! నా స్ట్రైకర్ వానికిచ్చి, ఇంకోటి తెస్తున్నవా? నాకు తెల్వకుండ గా భాషల ఏం మాట్లాడుకుంటున్నరు? మనుషులు మాట్లాడేటట్టు మాట్లాడ శాతగాదా?"

మైకులో మాట్లాడినాయన తల దించుకున్నాడు. గణపతి బదులు శివాజీయే అన్నాడు:

"సారూ, తడి బోర్డుకు బరువుది లేక మా అన్న పరేషానైతుండు, నీది జర ఇయ్యరాదె అని గణపతి మీ కోసమే అడిగిండు. నాకున్నది గదొక్కటే. ఇచ్చిన. అందరం దాంతోనే ఆడుదమన్న."

వెంకట్రాంకు ఏం చెయ్యాలో తోచలేదు. చేతులు ఊరుకోక సంచిలోని పౌడర్ డబ్బా తీసి బోర్డు మీద చల్లబోయాడు. రాలేదు. చెమ్మకు గడ్డ కట్టిందేమోనని అడుగున గట్టిగా కొట్టాడు. మూత ఊడి, తెల్లటి కుప్పతో పాటు బరువైన స్ట్రైకర్ టప్పున బోర్డు నడిమిట్ల పడింది. బయలుదేరే ముందు రాత్రి, ఎవడి కంటా పడకూడదని తనే దాన్ని పౌడర్‌లోకి కుక్కి మూత పెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నేల చీలితే బాగుండుననిపించింది. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

గణపతి ఆ స్ట్రైకర్‌ను రుమాలుతో తుడిచి అతని వైపు జార్చాడు. "దొరికింది గద. ఆడుండ్రి సార్."

ఆటలో గణపతి చెయ్యి ఎక్కడా తడబడలేదు. జనగామ గెలిచింది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం గణపతి సంచి ఒళ్ళో పెట్టుకోలేదు, హ్యాండిల్‌కు తగిలించాడు. చిల్పూర్ మలుపు దగ్గర వెంకట్రాం బండి ఆపి టీ చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనని మాట గొంతులోంచి లాగి అన్నాడు.

"తప్పైంది గణపతీ."

"గంత మాటెందుకు సార్" అని గణపతి టీ తాగాడు. హమ్మయ్య అనుకున్నాడు వెంకట్రాం.

మర్నాడు జనగామ శిబిరానికి పోయేటప్పుడు మూడు స్ట్రైకర్లు ఇంట్లోనే వదిలేశాడు. ఒక్కటే జేబులో వేసుకున్నాడు. తలుపు కూడా ఒక్కసారే గుంజాడు. కమల ఆశ్చర్యంగా చూసింది. గణపతి ఎప్పటిలాగే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆట మొదలైంది. గణపతి వంతు వచ్చింది. "ఇగో, ఒక్కటే తెచ్చిన, ఇద్దరికి చాలు" అంటూ వెంకట్రాం స్ట్రైకర్‌ను బోర్డు మీదుగా జార్చాడు.

గణపతి దాన్ని వేలితో ఆపి, మెల్లగా వెనక్కి తోశాడు. అంగీ జేబులోంచి కొత్త స్ట్రైకర్ తీశాడు. దాని మీద ప్లాస్టిక్ కాగితం ఇంకా అట్లనే ఉంది.

"నాది నేను కొనుక్కున్న సార్" అన్నాడు, కాగితం విప్పుతూ.

వెంకట్రాం తన స్ట్రైకర్‌ను తీసుకుని జేబులో వేసుకున్నాడు.